నైట్ షిఫ్టువాళ్లు చూడని మూడో రీలు

నా ఉద్యోగంలో ఎక్కువ భాగం సినిమాలు చూపించడంతోనే గడిచింది. బొగ్గు కంపెనీలో చేరి సినిమాలు చూపించడమేమిటని ఇప్పటి పిల్లలు అడుగుతుంటారు. అందులో పెద్ద వింతేమీ లేదు. అసలు వింత ఏమిటంటే, నేను చూపించిన సినిమాలు ఆఖరు నుంచి మొదలయ్యేవి. ఆ సంగతి చెబితేనే మొన్న మా క్లబ్బులో జరిగింది మీకు అర్థమవుతుంది కనుక, అక్కడి నుంచే మొదలుపెడతాను.

నేను చేరింది బాయిలో దిగడానికే. మా దగ్గర బొగ్గుగనిని బాయి అంటారు. చేరిన కొద్ది రోజులకే, పట్టాల మీద బొగ్గు మోసే ఇనప టబ్బు కాలి మీదికెక్కింది. దవాఖాన నుంచి లేచి వచ్చేసరికి పాదం వంకర తిరిగి ఉంది. కంపెనీవాళ్లు నన్ను పైపనికి మార్చి, వెల్ఫేర్ సెక్షన్‌లో సినిమా మిషన్ దగ్గర వేశారు. నాతోపాటు చేరినవాళ్లు భూమి లోపల చెమటలు కక్కుతుంటే నేను జీపులో మిషనూ తెల్లగుడ్డా వేసుకొని కాలనీ కాలనీ తిరిగేవాణ్ణి. "నీ కాలు మీదికెక్కిన టబ్బు మా మీదికెందుకు ఎక్కలేదురా" అని వాళ్లు నన్ను ఏడిపించేవాళ్లు. పైకి మొహం ముడుచుకున్నా, నాకు లోపల సంతోషంగానే ఉండేది.

మా పెద్ద ఆపరేటర్‌ను అందరూ ఉస్తాద్ అనేవాళ్లు. ఇస్త్రీ మడత నలగని మనిషి. పని బాగా వచ్చినవాడే, కానీ తన వల్ల తప్పు జరిగిందని ఒప్పుకోవడం ఆయన ఒంటికి సరిపడేది కాదు. సినిమా నాలుగు పెద్ద రీళ్లుగా డబ్బాల్లో వచ్చేది. మాకున్నది ఒకే మిషన్. ఒక రీలు అయిపోగానే లైటు వేసి, అది దించి ఇంకోటి ఎక్కించేవాళ్లం. ఆ సందులో పల్లీలవాడికి బేరం సాగేది. సాంకేతికంగా మీరు తెలుసుకోవలసింది ఇంతే.

ఒకరోజు గోదావరిఖనిలో మా కాలనీ మైదానంలోనే ఆట. ఉస్తాద్ రీలు ఎక్కించాడు. పేర్లు పడలేదు. తెర మీద ఏడుపులు, క్షమాపణలు, పెళ్లి పందిరి, అందరూ కలిసి నిలబడి నవ్వడం, ఆ తర్వాత పెద్ద అక్షరాలతో శుభం. లైటు వేశాం. జనమంతా మా మిషన్ వైపు తిరిగారు. నేను ఉస్తాద్ వైపు చూశాను. ఆయన నిదానంగా మైకు అందుకొని, "నైట్ షిఫ్టు కార్మిక సోదరుల సౌకర్యార్థం ఆఖరి రీలు ముందుగా ప్రదర్శించడమైనది" అన్నాడు. మైకు పక్కన పెట్టి నా చెవిలో మాత్రం, "డబ్బాలు మారినయ్‌రా, నోరు మూస్కో" అన్నాడు.

నేను నోరు మూసుకున్నాను. మైదానం మాత్రం చప్పట్లతో మోగిపోయింది. ఎందుకంటే నైట్ షిఫ్టువాళ్లు అప్పటిదాకా ఏ సినిమాకీ ముగింపు చూసి ఎరుగరు. మూడో రీలు ఎక్కించే వేళకే వాళ్లు సైకిళ్లు తీయాలి, లేకపోతే బాయి దగ్గర మస్టర్ పడదు, ఆ రోజు హాజరు పోతుంది. తర్వాతి వారం యూనియన్ తరఫున మనుషులొచ్చి ఉస్తాద్‌కు దండ వేసిపోయారు. ఆయన దండ వేయించుకున్నాడు కూడా.

అదే ఆచారమైంది. ఆటను ఒక రీలంత ముందుగా మొదలుపెట్టి, ముందు ఆఖరి రీలు, ఆ తర్వాత ఒకటి, రెండు, మూడు, మిగిలినవాళ్ల కోసం చివర్లో మళ్లీ ఆఖరిది. తమకు నైట్ షిఫ్టు లేని వారంలో కూడా జనం అట్లాగే వేయమనేవాళ్లు. ఎందుకని ఒకసారి మా సర్దార్‌ను అడిగాను.

"బాయిల దిగినంక మళ్ల పైకొస్తమో రామో అని దినాం ఫికరే గదా తమ్మీ. సినిమాల గూడ గదే ఫికర్ ఎందుకు? ముందుగాల ముగింపు చూసుకుంటే పాణం నిమ్మలమైతది. ఇగ ఎన్ని కష్టాలన్న వడనియ్యి, ఆఖరికి మంచిగుంటడని ఎరికే ఉంటది."

మా కాలనీ కుర్రాడొకడు పెళ్లయిన కొత్తలో భార్యను కరీంనగర్‌లో టాకీసుకు తీసుకెళ్లి, పేర్లు పడగానే లేచి గేటు దగ్గరివాడితో కొట్లాటకు దిగాడట. ఆఖరి రీలు తమకు చూపించకుండా దాచారని అతని అభియోగం. గేటువాడు అతన్ని తాగినవాడనుకున్నాడు.

సర్దార్ అన్నాను. అది పేరు కాదు, హోదా. బాయిలో ఒక జట్టు పనికీ, ఆ జట్టు ప్రాణాలకూ పూచీపడే మనిషిని సర్దార్ అంటారు. మా సర్దార్‌కు ఆ పనితోపాటు ఇంకో పని కూడా వచ్చు. కథ చెప్పడం. లోపల టబ్బులు రావడం ఆలస్యమైతే, టోపీ దీపాల వెలుగులో కూర్చోబెట్టి సినిమా కథలు చెప్పేవాడు. ఆయన చెబితే నటులు కూడా ఇంకొంచెం బాగా నటించినట్టుండేది.

ఆయనకు ప్రాణమైన సినిమా ఒకటుంది. నలుపు తెలుపు కాలంది. పేరు ఇక్కడ రాయను, రాస్తే మీరు వెంటనే ఫోన్లో వెతుకుతారు, నా మాట వినరు. పడవ నడిపే ఒక అన్న, తల్లిలేని చెల్లెలు. అన్న రెక్కలు ముక్కలు చేసుకొని ఆమెను పెద్దింటికి కోడలిగా పంపిస్తాడు. రెండో రీలు ఆఖరున, కూడబెట్టుకున్నదంతా పెట్టి చెల్లెలికి గళ్ల చీర కొని, ఆమె ఊరికి కాలినడకన బయల్దేరతాడు. నాలుగో రీలులో, అంటే మావాళ్లు మొదటే చూసే రీలులో, అదే గళ్ల చీర కట్టుకొని చెల్లెలు ఒంటరిగా రేవుకు వస్తుంది. అన్న కాళ్ల మీద పడి ఏడుస్తుంది. "ఎందుకమ్మా ఏడుపు, ఎక్కు" అంటాడు అన్న. పడవ కదులుతుంది. శుభం.

చీర అన్న చేతిలోంచి చెల్లెలి ఒంటి మీదికి ఎట్లా వచ్చిందో మూడో రీలులో ఉంది. మూడో రీలు వేసే వేళకు నైట్ షిఫ్టువాళ్లు సైకిళ్ల మీద ఉండేవాళ్లు. సెకండ్ షిఫ్టువాళ్లు అప్పటికి బాయిలోనే. ఫస్ట్ షిఫ్టువాళ్లు తెల్లారకముందే లేవాలి కనుక అక్కడే చద్దర్ల మీద గురకపెట్టేవాళ్లు. ఆ సినిమా మా మైదానంలో చాలాసార్లే వేశాం. ఎప్పుడు వేసినా సర్దార్‌కు నైట్ షిఫ్టే పడేది. అందుకని ఆ ఖాళీని ఆయనే పూడ్చుకున్నాడు.

ఆయన చెప్పే కథలో అన్న చెల్లెలి వాకిట్లోకి వస్తాడు. లోపల నవ్వులు వినిపిస్తాయి. తన మట్టి కాళ్లూ, చిరిగిన అంగీ చూసుకుంటాడు. తలుపు కొట్టడు. చీర గడప మీద పెట్టి, నా చెల్లె చల్లగున్నది చాలు అనుకొని వెనక్కి తిరుగుతాడు. ఇది చెప్పేటప్పుడు సర్దార్ గొంతు తగ్గించేవాడు. బాయిలో రాళ్లలాంటి మనుషులు టోపీ దీపాలు పక్కకు తిప్పుకొనేవాళ్లు.

అక్కడితో ఆగితే కథే. బతుకమ్మ పండుగకు చెల్లెలిని తోలుకరావడానికి పోయినప్పుడు సర్దార్ ఆమె ఇంటి గడప మీద చీర పెట్టి, పిలవకుండా పక్కన నిలబడటం మొదలుపెట్టాడు. ఆమె అప్పట్లో మా కాలనీలోనే ఉండేది, తర్వాత భర్తకు బదిలీ అయి రామకృష్ణాపూర్ వెళ్లింది. చెల్లెలు వచ్చి చీర తీసుకొని, కళ్లకద్దుకొని, అప్పుడు అన్నను లోపలికి పిలవాలి. ఒకర్ని చూసి ఒకరు మా వాడ మొగవాళ్లంతా అదే చేశారు. వాళ్ల కొడుకులు కూడా చేస్తున్నారు. బయటివాళ్లు చూస్తే ఇదేదో తాతల నాటి ఆనవాయితీ అనుకుంటారు.

మూడో రీలులో అసలు ఏముందో నాకు తెలుసు. ప్రతి ఆటకూ దాన్ని ఎక్కించి దించింది నేనే. సర్దార్ ఊహించిందంతా నిజమే, ఒక్కటి తప్ప. అన్న తలుపు కొడతాడు. చెల్లెలే తీస్తుంది. వెనక అత్తమామలు, చుట్టాలు నిలబడి ఎవరమ్మా అని అడుగుతారు. ఆమె అన్న చిరుగుల అంగీ చూస్తుంది. "ఈయనెవరో నాకు తెలియదు" అని తలుపు వేస్తుంది. చీర గడప మీద పెట్టడం ఆ తర్వాత.

ఒకసారి ఆయనకు సెలవు ఉన్న రోజునే ఆ సినిమా పడింది. మొత్తం చూద్దువు రమ్మని ఇంటికి పోయి పిలిచాను. సర్దార్ గడ్డం గీసుకుంటూ, "ఎందుకు తమ్మీ, నా సినిమా నాకున్నది" అన్నాడు. రాలేదు. అనుమానమేమైనా ఉండేదేమో, నేను తవ్వి అడగలేదు.

ఇదంతా పాత సంగతి. నేను రిటైరయ్యాను. మిషన్ నాకంటే ముందే రిటైరైంది. ఉస్తాద్ పోయాడు. సర్దార్ కాలనీ పక్కనే ఇల్లు కట్టుకున్నాడు. నాకు పొద్దున ఆయనతో నడక, సాయంత్రం ఆయనతో చాయ్. ఇంతకంటే ఏం కావాలి అనుకుంటూ రోజులు వెళ్లదీస్తున్నాను. అట్లాంటిది మొన్న సర్దార్ మనవరాలు ల్యాప్‌టాప్ పట్టుకొని మా ఇంటికి వచ్చింది.

ఆ పిల్ల జ్యోతినగర్‌లో బడిపంతులమ్మ. తనలాంటి ఉద్యోగాల పిల్లల్ని పోగేసి, మా క్లబ్బు హాలులో ఆదివారాలు పాత సినిమాలు వేయాలని కంపెనీవాళ్ల దగ్గర అనుమతి తెచ్చుకుంది. మొదటి ఆట తాత సినిమాయే.

"ఆపరేటర్ తాతా, రెండు కాపీలు దొరికినయి. ఒకటి రంగులద్దింది, పాటలు గిట్ల తీసేసి గంటన్నర చేసిన్రు. ఇంకోటి అసలుది, మొత్తం ఉన్నది, నలుపు తెలుపు. ఏదెయ్యాలె? మా దోస్తులు అంతసేపు కూసుంటరో లేదోనని నాకు ఫికరైతున్నది. గని గడప సీను మాత్రం పక్కా ఉండాలె. అందరికి చెప్పి పెట్టిన, తాత చెప్పే సీను తెర మీద చూస్తరని."

పాత సినిమాలు ఉన్నవి ఉన్నట్టుగా రేపటివాళ్లకు పనికొస్తాయా, లేక కత్తిరించి రంగులు పూయాలా అని ఎవరడిగినా నా జవాబు ఒక్కటే. అసలుదే వేయాలి. జీవితమంతా రీళ్లను తిరగేసి, మరగేసి చూపించినవాడు ఆ మాట అనడం కొంచెం నవ్వులాటే, ఒప్పుకుంటాను. కానీ మేము వరస మార్చామే తప్ప ఒక్క ముక్క కూడా కోయలేదు. ఆ పిల్లతో కూడా అదే అనబోయాను. అంతలో గడప సీను గుర్తొచ్చి మాట మార్చాను. రెండూ ఇక్కడ పెట్టిపో, చూసి చెబుతానన్నాను.

రంగుల కాపీ చూశాను. చెల్లెలి ముఖానికి సున్నం వేసినట్టుంది. అన్న చీర కొని బయల్దేరతాడు, వెంటనే రేవు వస్తుంది. తలుపు దగ్గరి భాగం మొత్తం ఎగిరిపోయింది. అంటే ఈ కాపీ వేస్తే సర్దార్ మాట నిలబడుతుంది. గడప సీను ఏదని పిల్లలు అడిగితే, కోసేశారు అంటే చాలు. అసలుది వేస్తే, వాడవాడంతా నలభై యాభై ఏళ్లుగా నమ్మిన కథ ఆయన మనవరాలి ముందే, ఆమె పిలిచిన జనం ముందే తెలిసిపోతుంది. అందరూ కళ్లకద్దుకొనే చీర వెనక మూసిన తలుపు ఉందని బయటపడుతుంది.

దాచి లాభం లేదనుకొని మర్నాడు నడకలో ఆయనకే చెప్పేశాను. సర్దార్ రోడ్డు పక్కన ఆగిపోయాడు. బసంత్‌నగర్ వైపు పోయే సిమెంటు లారీలు వరసగా వెళుతున్నాయి. అవన్నీ దాటాక నా వైపు తిరిగాడు.

"ఎవరో తెల్వదన్నదా?"

"అన్నది."

"సొంత అన్నను పట్టుకొని."

"అత్తగారోళ్లు ఎన్కనే నిలవడ్డరు. ఇజ్జత్ అనుకున్నది."

"ఈ ముచ్చట ఇంకెవరికి ఎరిక?"

"నాకొక్కనికే" అన్నాను. చెప్పొద్దూ, కొంచెం గర్వంగానే అన్నాను.

ఆయన తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. రంగులదే వేద్దాం, నీ మాట పోదు, ఈ వయసులో ఎందుకు ఈ పరేషాన్ అన్నాను. ఇంకొంత దూరం నడిచాక జవాబు చెప్పాడు.

"నేను వాన్ని శాన మంచోడని చెప్పిన తమ్మీ. తలుపు గొట్టకుంట పోయిండని. గది మంచితనమే గని, అండ్ల కష్టమేమున్నది? చెల్లె మొఖం మీద తలుపేసినంక గూడ చీర వెట్టి పోయిండంటే, ఆఖరుకు ఎక్కమ్మ అన్నడంటే, వాడు నేను చెప్పినోని కంటె పెద్దోడు. నేనే వాన్ని తక్కువ జేసిన. అసలుదే వెయ్యి."

"పిల్లలు నవ్వుతరేమో."

"నవ్వనియ్యి. నేను గూడ చూడాలె గదా."

ఆదివారం మధ్యాహ్నం ఆట. మిషన్ లేదు, రీళ్లు లేవు, ఒక చిన్న పెట్టె, వైరు. మీట నొక్కే పని మాత్రం మర్యాదకు నాకు అప్పగించారు. హాలు నిండింది. ముందు వరసల్లో మా ముసలివాళ్లు, వాళ్ల ఆడవాళ్లు. వెనక కుర్రకారు. నేను మీట నొక్కగానే పేర్లు పడటం మొదలైంది, ముందు వరసల్లో గొడవా మొదలైంది.

"ఏందిది, ఆఖరుది ముందు వెయ్యవా?" అన్నాడొకాయన.

"గట్లెట్ల కాకా, ముందే చూస్తే ఇంక చూసేదేమున్నది?" అని వెనక నుంచి ఒక కుర్రాడు.

"ఏమైతదో ఎరికైతేనే ఎట్లయిందో సక్కగ కనవడ్తది బిడ్డా. నీకు తెల్వది, కూసో."

ఆ మాటకు ముందు వరసలన్నీ తలలూపాయి. నాకు సంబరంగానే ఉంది కానీ, బొమ్మ ఆపాలో నడపాలో తెలియలేదు. పాత సినిమాను పాతగా చూడటానికి కుర్రవాళ్లు ఒప్పుకోరని నేను భయపడితే, అసలు వరసకు అడ్డం తిరిగింది మా తరం. చివరికి సర్దార్ లేచి నిలబడ్డాడు. "ఈ ఒక్కపారి నంబరు ప్రకారం చూద్దాం. తర్వాత సంగతి తర్వాత" అన్నాడు. ఆయన జట్టులో పనిచేసినవాళ్లు చాలామందే ఉన్నారు. బాయిలో ఆయన మాటకు అలవాటుపడ్డవాళ్లు కనుక కూర్చున్నారు.

మొదట్లో వెనక వరసల్లో ఫోన్ల వెలుగు కనిపించింది. పడవ పాట సాగుతుంటే ఇద్దరు ముగ్గురు లేచి బయటికి పోయారు. మా కాలంలోనూ పోయేవాళ్లు, నేను పట్టించుకోలేదు. అన్న చీర కొనే చోటుకు వచ్చేసరికి ఫోన్లు ఆరిపోయాయి. బయటికి పోయినవాళ్లు తిరిగొచ్చి గోడకు ఆనుకొని నిలబడ్డారు. గడప సీను వస్తోందని మనవరాలు దోస్తులకు సైగ చేయడం నేను చూశాను.

అన్న తలుపు కొట్టాడు.

మనవరాలు తాత వైపు తిరిగింది. ఆయన కథలో ఎవరూ తలుపు కొట్టరు. తలుపు తెరుచుకుంది. చెల్లెలు ఆ మాట అనేసింది. తలుపు మూసుకుంది. అన్న చాలాసేపు ఆ తలుపు వైపే చూస్తూ నిలబడతాడు. ఇప్పటి సినిమాల్లో అంతసేపు ఏమీ జరగకుండా ఉంచరు. వెనక నుంచి ఒక్క కుర్రాడూ ఈల వేయలేదు, దగ్గలేదు. ఆ తర్వాత అన్న వంగి గడప మీద చీర పెట్టాడు.

ఆఖరి భాగం మాకందరికీ కంఠతా వచ్చు. ఆమె ఏడుపు ఇన్నేళ్లూ అన్న దొరికిన ఆనందమనే అనుకున్నారు మావాళ్లు. ఆ రోజు ఆమె కాళ్ల మీద పడుతుంటే ముందు వరసలో ఒకాయన, "అయ్యో, గిందుకా" అన్నాడు, తనలో తను అనుకున్నట్టుగా. "ఎందుకమ్మా ఏడుపు, ఎక్కు" అని అన్న అనగానే వెనక కుర్రవాళ్లు చప్పట్లు కొట్టారు. శుభం పడ్డాక కూడా ఎవరూ లేవలేదు.

లైట్లు వేశారు. మనవరాలు నేరుగా తాత దగ్గరికి వచ్చింది. ఆమె కోపంగా లేదు, కానీ దోస్తులంతా వెనకాలే ఉన్నారు.

"తాతా, తలుపు గొట్టలేదని గదా నువ్వు చెప్పింది?"

సర్దార్ కుర్చీలోనే ఉన్నాడు. "నేను నైట్ షిఫ్టుకు వోయిన బిడ్డా. గా ముక్క చూడలే. సొంతంగ అల్లిన" అన్నాడు.

అప్పుడు ఆడవాళ్ల వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఇంకొకరు కొంగు అడ్డం పెట్టుకున్నారు. చూస్తుండగానే ఆ వరసంతా నవ్వడం మొదలుపెట్టింది. సర్దార్ భార్య, నాకు వదిన వరస, అందరికంటే ఎక్కువ నవ్వుతోంది.

"మాకెరికే" అంది వదిన. "మేమందరం చూసినం. మీరు సైకిళ్లెక్కి పోతిరి, ఇంకొందరు గురక వెడ్తిరి. మాకేమన్న నైట్ షిఫ్టున్నదా? శుభం దాక కూసుంటిమి."

మైదానంలో సగం మంది ఆడవాళ్లే. నేను ఒక్కణ్ణే కాపాడుతున్నాననుకున్న రహస్యాన్ని ప్రతి ఆటలోనూ వాళ్లకు చూపించింది కూడా నేనే. ఈ చిన్న విషయం ఇన్నేళ్లు నాకు తట్టలేదు.

"మరెందుకు చెప్పలే?" అన్నాడు సర్దార్.

"చీర వస్తున్నదాయె. తలుపు ముచ్చట చెప్పి చెడగొట్టుకుంటమా?" అంది వదిన. హాలంతా నవ్వింది. కుర్రవాళ్లయితే కుర్చీల మీద కొట్టి మరీ నవ్వారు.

సర్దార్ కూడా నవ్వాడు. నవ్వి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగిపోయాడు. "మా చెల్లె గూడ చూసిందా?" అని అడిగాడు.

"నా పక్కనే కూసుండి చూసింది. ఆమెనే అడుగు" అని వదిన ఫోను తీసి రామకృష్ణాపూర్‌కు కలిపింది. మోకాళ్ల నొప్పులతో ఆమె ఆటకు రాలేకపోయింది. వదిన ఫోను గొంతు పెద్దది చేసి ఆయన చేతిలో పెట్టింది. సర్దార్ తటపటాయించి, "చెల్లే, గా సినిమాల అన్నను ఎవరో తెల్వదంటదట గదా. నీకు ముందుగాలనే ఎరికనా?" అని అడిగాడు.

"ఎరికే అన్నా."

"మరి నేను గడప మీద చీర వెడ్తుంటే నీకేమనిపియ్యలేదా?"

ఆమె మామూలుగా, వంట సంగతి చెప్పినట్టు చెప్పింది. "నువ్వు వచ్చే దినం నేను పొద్దుగాల నుంచి తలుపు వెయ్యను, అన్నా. మా అత్త ఉన్నప్పుడు గూడ వెయ్యలే. కుక్కలొస్తయని తిట్టేది, అయినా వెయ్యలే. నువ్వు ఎప్పుడన్న చూసినవా మా తలుపు ఏసి ఉండంగ?"

"చూడలే" అన్నాడు సర్దార్.

ఆయన ఫోను వదినకు ఇచ్చేశాడు. మనవరాలు ఆయన పక్కన కుర్చీలో కూర్చొని చెయ్యి పట్టుకుంది. వెనక కుర్రవాళ్లు వచ్చే ఆదివారం ఏ సినిమా వేయాలా అని అప్పుడే వాదులాడుకుంటున్నారు. కోసిన కాపీలు వద్దే వద్దని అందులో ఒకడు గట్టిగా అంటున్నాడు. ఆ మాట నా చెవిన పడింది, ఎంత తృప్తి కలిగిందో చెప్పలేను. జీతం తీసుకున్న రోజుల్లో కూడా నా పనికి అంత మంచి మాట దక్కలేదు. వైర్లు చుట్టడం మొదలుపెట్టాను.

"తమ్మీ, ఆగు" అన్నాడు సర్దార్. "గా తలుపు దగ్గరి ముక్క ఇంకోపారి వెయ్యి."

"ఇప్పుడే చూస్తివి గదా అన్నా."

"చూడలే. ఆమె నోరు తెరువంగనే కండ్లు మూసుకున్న."

లైట్లు ఆర్పించాను. లేచినవాళ్లు మళ్లీ కూర్చున్నారు. అన్న వాకిట్లోకి వచ్చాడు, తలుపు కొట్టాడు. నేను తెర వైపు చూడలేదు, సర్దార్ వైపే చూశాను. చెల్లెలు ఆ మాట అంది, తలుపు మూసింది. అన్న వంగి చీర పెట్టేదాకా సర్దార్ రెప్ప వాల్చకుండా చూశాడు.